విలువల ఉపన్యాసాలు, మూతపడ్డ తరగతులు

మానవీయ శాస్త్రాల విభాగాలకు తాళాలు వేయించేవారే స్నాతకోత్సవ వేదికలెక్కి పట్టభద్రులకు విలువలు ఉద్బోధించడం దేశదేశాల్లో ఆనవాయితీగా మారుతోంది. ఈ కపటత్వం సహించరానిది. 2015లో జపాన్ విద్యాశాఖ ఈ విభాగాలను రద్దు చేయాలని, లేదా సమాజానికి మరింత అవసరమైన రంగాలకు మళ్లించాలని జాతీయ విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. నిరసనలు రేగాక తమ ఉద్దేశం అది కాదని సర్దిచెప్పుకుంది. ఆస్ట్రేలియా 2021 నుంచి చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి కోర్సుల్లో విద్యార్థి భరించాల్సిన ఫీజును 113 శాతం పెంచింది. ఎలా బతకాలో ఆలోచించాలనుకున్నవారికి అది జరిమానా కాక మరేమిటి?

అప్పుచేసి చదివే విద్యార్థికి ముందుగా ఉద్యోగం కావాలన్న వాదనలో న్యాయముంది. అయితే ఆ ఉద్యోగంలో తప్పుడు లెక్కల మీద సంతకం పెట్టమని పైఅధికారి ఆదేశించిన రోజున, కన్నవారు మంచాన పడిన రోజున అతడికి ఏ నైపుణ్య శిక్షణ తోడొస్తుంది? ప్రాచీన తత్త్వవేత్తల్లో ఎపిక్టెటస్ బానిస బతుకు బతికినవాడు, మార్కస్ ఆరీలియస్ రోమ్ చక్రవర్తి. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అన్న వివేచనే ఆ ఇద్దరికీ ఆసరా అయింది. మనం విచారణ చేస్తున్నది సద్గుణమంటే ఏమిటో తెలుసుకోవడానికి కాదు, మంచివాళ్లం కావడానికేనని అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలోనే స్పష్టంగా చెప్పాడు. అటువంటి చదువును మార్కుల జవాబుగా కుదించిన పాపంలో విశ్వవిద్యాలయ విభాగాలకూ వాటా ఉంది. ఉనికి కాపాడుకోవడానికి అవి సైతం మార్కెట్ భాషలోనే విన్నవించుకోవడం మరీ విచారకరం.

జీవితాన్ని బోధించబోతే తరగతి ప్రవచనమవుతుందని కొందరు ఆచార్యులు సంకోచిస్తున్నారు. ఆ భయం అక్కర్లేదు. క్రీ.పూ. 399లో మరణశిక్ష పడిన సోక్రటీస్, తప్పించుకునే దారిని మిత్రులు చూపినా కాదని విషం తాగాడు. ఆయన పారిపోయి ఉండాల్సిందని ఒక విద్యార్థి గట్టిగా వాదిస్తే, చట్టానికి ఎంతవరకు తలవంచాలో మరొకరు నిలదీస్తే, ఆ గంటలో గురువు తీర్పు చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్నను చల్లారనివ్వకుండా ఉంటే చాలు.

ఆ గంటను టైంటేబుల్‌లోంచి కొట్టేసి, విద్యార్థుల్లో నైతికత కొరవడిందని వాపోయే హక్కు ఏ పాలకుడికీ లేదు. విలువలు కావాలనుకుంటే వాటిని చర్చకు పెట్టే అధ్యాపకుడిని నియమించి జీతమివ్వండి. అంతపాటి ఖర్చు కూడా దండగేనని భావిస్తే, వచ్చే స్నాతకోత్సవంలో ఆ మాట ఎత్తకండి.