యాక్సిడెంట్ కాలేదు కాబట్టి రోడ్డు బాగున్నట్టేనా?

పది రోజులుగా మా వైపు వాట్సాప్ గ్రూపులన్నిటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. నాకు ముగ్గురు పంపారు, అందులో ఒకడు సొంత బావమరిది.

విషయం ఇదీ. విశాఖ దగ్గర ఆనందపురం, పెందుర్తి మధ్య హైవే దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊళ్లలో మాదొకటి. ఊరి చివర జీడితోటలు దాటాక చెత్త రీసైక్లింగ్ సైట్ పెడతామని ప్రతిపాదన వచ్చింది. అక్కడికి లారీలు వెళ్లే రోడ్డు సంగతేంటని గ్రామసభలో కొందరం అడిగాం. మర్నాటికల్లా మెసేజ్ తయారు. అందులో ఉన్నది క్లుప్తంగా చెప్తాను: "ఆ రోడ్డు మీద ఐదేళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు. వచ్చేవి రోజుకు 25 లారీలే. క్వారీ టిప్పర్లు ఎప్పట్నుంచో తిరుగుతున్నాయి, వాటికి లేని ప్రమాదం వీటికెందుకు? పక్కనే ఆరు వరుసల హైవే ఉంది. కావాలంటే స్పీడ్ బ్రేకర్లు వేస్తారు. ఇళ్లకు 200 మీటర్ల దూరం ఉంది, అనుమతులు వస్తున్నాయి. రోడ్డు పేరు చెప్పేవాళ్లకి అసలు చెత్త మన ఊరికి రావడమే ఇష్టం లేదు."

చివరి మాట ముందు తేల్చేస్తాను. నాకు ఆ సైట్ కావాలి. విశాఖ చెత్తంతా కాపులుప్పాడ మోస్తోంది. ఏళ్ల తరబడి ఆ వాసన భరించినవాళ్లూ మనుషులే. చెత్తను వేరు చేసి, పనికొచ్చేది మళ్లీ వాడకంలోకి పంపే చోటు ఎక్కడో ఒకచోట ఉండాలి. మా ఊళ్లో పెడితే నలుగురికి పని దొరుకుతుంది కూడా. నేను అడిగేది గేటు ఎక్కడ పెడతారు, బండి ఎలా తిరుగుతుంది అని. రోడ్డు కాంట్రాక్టుల్లో పన్నెండేళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను, అందుకే నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఇక "ఐదేళ్లలో ఒక్క యాక్సిడెంట్ లేదు" అన్న మాట. పొయ్యి వెలిగించని వంటింట్లో ఎవరికీ చెయ్యి కాలలేదంటే ఆ వంటిల్లు బాగుందనా? చెత్త లారీలు లేని రోజుల లెక్క, లారీలు వచ్చాక రోజులకు పనికిరాదు. పైగా లెక్కంటే స్టేషన్‌లో నమోదైన లెక్క. బండి జారి పొలంలో పడి, మోకాలు చీరుకుపోయి, ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఇంటికెళ్లినవాడు ఏ కాగితంలోనూ ఉండడు. అలాంటివాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్లని అడిగితే కల్వర్టు దగ్గర ఏ చోట పడ్డారో వేలు పెట్టి చూపిస్తారు.

"25 లారీలే" అన్నదాని దగ్గర కాస్త ఆగాలి. వచ్చిన లారీ అక్కడే ఉండిపోదు, తిరిగి వెళ్తుంది. అంటే 50 సార్లు. వేరు చేసిన ప్లాస్టిక్, అట్ట, ఇనుము బేళ్లు కట్టి బయటికి పంపాలి, వాటికి వేరే లారీలు. ఎందుకూ పనికిరాని మిగులు తీసుకెళ్లడానికి మరికొన్ని. పనివాళ్ల ఆటోలు, పాత సామాన్ల ట్రాలీలు సరేసరి. పోనీ 50 అనే అనుకుందాం. పది గంటలకు సమంగా పంచితే 12 నిమిషాలకొకటి, పెద్ద టెన్షన్ లేదు. కానీ అవి సమంగా రావు. నగరంలో చెత్త ఎత్తేది తెల్లవారుజామున, కాబట్టి ఇక్కడికి పొద్దున్నే వరసగా వస్తాయి. మా రోడ్డు మీద జనం ఉండేదీ అప్పుడే. ఆనందపురం పూల మార్కెట్‌కి చీకటితోనే బైకుల వెనక మూటలు కట్టుకుని పోయేవాళ్లు, ఉపాధి పనికి సర్వీసు ఆటోల్లో వేలాడుతూ పోయే ఆడవాళ్లు, తర్వాత సైకిళ్ల మీద బడి పిల్లలు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. మా రోడ్డు మీద పొద్దున్న కనిపించేదీ ఎక్కువగా వాళ్లే.

ఇంకో సంగతి, చెత్త లారీ ఇసుక లారీలా ఉండదు. ప్లాస్టిక్‌కి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. ఖాళీ సీసాలు నైలాన్ వలల్లో కుక్కి, బాడీ పైన మరో బాడీ అంత ఎత్తు పేర్చి, పక్కలకు ఉబ్బేలా తాళ్లు బిగిస్తారు. గాజువాక వైపు రోడ్డు మీద అలాంటి లారీ వెనక ఎప్పుడైనా పడ్డారా? అద్దంలో డ్రైవరుకి వెనక బండి కనిపించదు, మనకి ముందు రోడ్డు కనిపించదు. మా రోడ్డు తారు వెడల్పు 3.75 మీటర్లు, చాలా గ్రామీణ రోడ్లు అంతే. లారీ దాదాపు రెండున్నర మీటర్లు, ఆటో సుమారు 1.3. రెంటికీ మధ్య వేలెడు సందు కూడా లేకుండా ఆనించి నిలబెట్టినా తారు మీద పట్టవు. ఉబ్బిన మూటల సంగతి ఇంకా లెక్కలోకి తేలేదు.

మరి దారి ఎవరిస్తారు? మా ఊరి ఆటో కుర్రాణ్ణి అడిగాను. "లారీ ఎదురొస్తే నానే దిగిపోవాల బాబూ, ఆడు దిగడు. గడ్డి కింద రాయుందో గొయ్యుందో నాకేటి తెల్సు?" అన్నాడు.

ఇప్పుడు అసలు చోటికి వస్తాను. ప్లాన్‌లో గేటు చూపించినది గెడ్డ మీది కల్వర్టు దాటగానే వచ్చే మలుపులో. లోపలి వైపు గట్టు, గట్టు మీద సరుగుడు తోట, మొదట్లో పెద్ద చింతచెట్టు. పోయిన ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని, 30 మీటర్ల టేపు, సుద్దముక్క పట్టుకుని వెళ్లాను. అక్కడ టీ బడ్డీ నడిపే అమ్మ కాసేపు చూసి, "ఏటి బాబూ, రోడ్డుకి గానీ బట్టలు కుట్టిస్తన్నారేటి?" అంది.

చేసింది చాలా సులువు. గేటు వచ్చేచోట మేనల్లుడు బైకుతో నిలబడ్డాడు. నేను కల్వర్టు అవతలి నుంచి నడుస్తూ, కళ్లు నేలకు 1.2 మీటర్ల ఎత్తులో ఉండేలా వంగి చూశాను. కారు డ్రైవరు కన్ను ఉండే ఎత్తుగా రోడ్డు ఇంజనీర్లు లెక్కలో పెట్టుకునేది అదే. బైకు ఎక్కడ కనిపిస్తే అక్కడ సుద్దతో గీత. టేపు పెడితే 41 మీటర్లు. ఊరి వైపు నుంచి చూస్తే 110, అటు గొడవ లేదు. లారీ డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు, అతనికి ఇంకా దూరం కనిపిస్తుంది కదా అని మేనల్లుడు అన్నాడు. నిజమే. అందుకని కల్వర్టు దిమ్మ మీదకి ఎక్కి కూడా చూశాను. చింతకొమ్మలు సరిగ్గా ఆ ఎత్తులోనే వాలి ఉన్నాయి. ఆ చెట్టు కింద నుంచి బైకువాడికి కనిపించినంత కూడా లారీవాడికి కనిపించదు.

41 మీటర్లు చాలవా? రోడ్ల ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగడానికి 45 మీటర్లు కావాలి. అందులో 28 మీటర్లు డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీదకి తెచ్చేలోపే అయిపోతాయి. ఆ రెండున్నర సెకన్లలో బండి ముందుకే పోతుంటుంది. అవతల నిలబడి ఉన్నదాని ముందు ఆగడానికే ఈ 45. ఒకే వరుస రోడ్డు మీద ఎదురెదురుగా వచ్చే రెండు బళ్లూ ఆగాలంటే దానికి రెట్టింపు, 90 మీటర్లు. మాకున్నది 41.

గేటులోంచి బయటికొచ్చే లారీ లెక్క ఇంకా కష్టం. బస్తాలెక్కిన లారీ ఆగిన చోటి నుంచి కదిలి, రోడ్డెక్కి, తిన్నగా అవడానికి ఎంతసేపు పడుతుందో మా రైసు మిల్లు దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. మూడు లారీలకు 9, 11, 10 సెకన్లు. కల్వర్టు దిగి 50 వేగంతో వచ్చే బైకు సెకనుకు సుమారు 14 మీటర్లు పోతుంది. తొమ్మిది సెకన్లకు 126 మీటర్లు. లారీ రోడ్డుకి అడ్డంగా ఉండేది తొమ్మిది సెకన్లు, బైకువాడికి ఆ లారీ కనిపించాక మిగిలేది మూడు. ఇందులో డ్రైవరు మంచివాడా తాగుబోతా అన్న ప్రశ్నే లేదు. ఇద్దరూ బుద్ధిగా నడిపినా చోటు చాలదు.

క్వారీ టిప్పర్ల మాటకొద్దాం. వాటి వల్లే రోడ్డు అంచు కొరుక్కుపోయి ఉంది. తారుకీ బెర్ముకీ, అంటే తారు పక్కనుండే మట్టి అంచుకీ, మధ్య కొన్నిచోట్ల జానెడు దిగుడు. బైకు ముందు చక్రం ఒకసారి ఆ అంచు జారితే మళ్లీ పైకెక్కించబోయి పడతారు. అమెరికాలో 1950ల చివర్లో లారీలను అదేపనిగా తిప్పి చేసిన రోడ్డు పరీక్షల్లో తేలిన లెక్క ఒకటుంది: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు 16 రెట్లు. మన దగ్గర 2018లో నాలుగు టైర్ల ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచారు. రోడ్ల డిజైన్‌లో ప్రమాణంగా తీసుకునే ఇరుసు సుమారు 8.2 టన్నులు. అంటే ఓవర్‌లోడ్ లేని, రూలు ప్రకారం నడిచే ఇరుసే ప్రమాణ ఇరుసుకి దాదాపు నాలుగింతల దెబ్బ కొడుతుంది. టిప్పర్లు తిరుగుతున్నాయి కాబట్టి ఇంకొన్ని తిరగొచ్చు అనడం, ఒక పన్ను పుచ్చింది కాబట్టి పక్కదానికీ ఫర్వాలేదు అన్నట్టుంది.

హైవే పక్కనే ఉండటం లాభమే, కాదనను. ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి రోడ్డు వచ్చాక మా ప్రయాణ సమయం సగమైంది. కానీ ప్రమాదం ఉండేది హైవే మీద కాదు, హైవే నుంచి మా రోడ్డులోకి మళ్లే మూల దగ్గర. అక్కడ బళ్లు 80 వేగంతో వస్తాయి, ఆ వేగానికి ఆగడానికి 120 మీటర్లు కావాలి. డివైడర్ ఓపెనింగ్ దూరంగా ఉంటే మన లారీలు ఏం చేస్తాయో విశాఖలో ఎవర్ని అడిగినా చెప్తారు: రాంగ్ రూట్‌లో వచ్చేస్తాయి. లోడు లారీలు ఏ వైపు నుంచి వచ్చి ఎక్కడ తిరుగుతాయో ఒక కాగితం మీద గీసి చూపించమంటే ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

స్పీడ్ బ్రేకర్లంటారా, బ్రేకరు వేగం తగ్గిస్తుంది, చెట్టుని పక్కకి జరపదు. అదీ పద్ధతిగా 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో వేస్తేనే. మన దగ్గర వేసేది ఒక తట్ట సిమెంటు దిబ్బ. దాని మీద చెత్త లారీ ఎగిరితే రోడ్డంతా సీసాలే.

200 మీటర్ల రూలు 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లో ఉన్నమాట నిజమే, కానీ అది చెత్త పూడ్చే చోటు ఇళ్లకి, చెరువులకి ఎంత దూరం ఉండాలన్నది. దారి గురించి కాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కూడా పొగ, నీళ్లు, వాసన చూస్తుంది గానీ చింతచెట్టు కింద ఎవరు ఎవరికి కనిపిస్తారో చూడదు. రోడ్డుదే తప్పయ్యే అవకాశం ఉందని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు డిజైన్ చేసి, కట్టి, దానివల్ల ఎవరైనా చనిపోతే సంబంధిత అధికారికీ కాంట్రాక్టరుకీ కూడా లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

మెసేజ్‌లో లేని సంగతి ఒకటి నేనే కలుపుతాను. ప్లాస్టిక్ గుట్టలకి నిప్పంటుకోవడం కొత్త కాదు. ఫైరింజన్ రావాల్సింది ఇదే రోడ్డు మీద. కాటా గేటు మొదట్లో పెడితే, తూకం కోసం ఐదు లారీలు ఆగినా 50 మీటర్ల క్యూ. ఫైరింజన్‌కి దారి మూసుకున్నట్టే.

గేటుని ఊరి వైపు 150 మీటర్లు జరపండి, అక్కడ రోడ్డు తిన్నగా ఉంది, పక్కది పోరంబోకు. కాటా కాంపౌండ్ లోపలికి, కనీసం ఆరు లారీలు లోపలే నిలబడేంత దూరంలో పెట్టండి. కిలోమీటరుకి రెండు మూడు చోట్ల బండి పక్కకి తీసుకునే జాగా, మిగతా చోట్ల గట్టి బెర్ములు. బడి వేళల్లో లారీలు వద్దు. లోడు మీద టార్పాలిన్, వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు. చింతకొమ్మలు కొడితే చాలు, చెట్టు కొట్టక్కర్లేదు. ఆ బడ్డీ అమ్మ నీడ పోతుంది.

కొలతల కాగితం ఫొటో తీసి మా బావమరిదికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. సుద్దగీత ఇంకా కల్వర్టు మీద ఉంది. వాన పడేలోగా వస్తే టేపు నేనే తెస్తాను.