న్యూరెంబర్గ్‌కి మూడు గంటలు చాలవు

ఈస్టర్ సెలవులు దగ్గరికొస్తే చాలు, జర్మనీలో చదువుకుంటున్న మన తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ప్లాన్లు మొదలవుతాయి. పొద్దున న్యూరెంబర్గ్, మధ్యాహ్నం బాంబెర్గ్, రాత్రికి వ్యూర్జ్‌బుర్గ్. దేశమంతా చెల్లే నెలవారీ పాస్ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటుంది కాబట్టి రీజనల్ రైళ్లకి వేరే ఖర్చు లేదు, పులిహోర కట్టుకుంటే తిండి ఖర్చూ ఉండదు, ఇంకెందుకు ఆగడం అనిపిస్తుంది. ఆ లెక్కలో న్యూరెంబర్గ్ వాటాకి వచ్చేది మూడు గంటలు. కోట ఎక్కి దిగుతారు. పాత ఊరి సంత కూడలి హాప్ట్‌మార్క్ట్‌లో, షోనర్ బ్రున్నెన్ అనే ఫౌంటెన్ కటకటాలకున్న రింగు తిప్పి ఏదో కోరుకుంటారు. లెబ్‌కూఖెన్ అనే మసాలా బిస్కెట్ల డబ్బా ఒకటి కొని రైలెక్కేస్తారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: ఆ ఊరికి రోజంతా ఇవ్వండి, అందులో సగం పాత ఊరి గోడల బయట గడపండి.

కోట చూడొద్దని అనడం లేదు. కొత్తగా ఎన్నికైన ప్రతి జర్మన్ రాజూ తన మొదటి సభను ఈ ఊళ్లోనే జరపాలని 1356 నాటి గోల్డెన్ బుల్ శాసనంలో రాశారు. కోట కిందే చిత్రకారుడు ఆల్‌బ్రెఖ్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528లో చనిపోయేదాకా ఉన్న ఇల్లుంది. జెర్మానిషెస్ నేషనల్ మ్యూజియంలో మార్టిన్ బెహైమ్ 1490ల్లో ఇక్కడే చేయించిన గ్లోబు ఉంది. ప్రపంచంలో మిగిలిన, భూమిని చూపే గ్లోబుల్లో అదే అన్నిటికన్నా పాతది, దాని మీద అమెరికా లేదు. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835లో నడిచింది ఇక్కణ్నుంచి పక్కూరు ఫ్యూర్త్‌కే. వీటిలో మీ చదువుకి దగ్గరగా ఉన్నది ఒకటి ఎంచుకుని దానికో గంట ఇవ్వండి. మెకానికల్ వాళ్లయితే రైల్వే మ్యూజియం వదలొద్దు.

నిలబడి చూడాల్సింది హాప్ట్‌మార్క్ట్. రోజూ మధ్యాహ్నం 12 గంటలకు అక్కడి ఫ్రావెన్‌కిర్షె చర్చి గడియారం కింద బొమ్మలు కదులుతాయి. చక్రవర్తి నాలుగో కార్ల్ మధ్యలో కూర్చుని ఉంటాడు, రాజుని ఎన్నుకునే ఏడుగురు ఎలెక్టర్లు ఆయన చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. కింద జనమంతా ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు, మేమూ తీశాం. ఆ చర్చి ఉన్నచోట ఒకప్పుడు యూదుల ప్రార్థనా మందిరం ఉండేది. ఇప్పుడు కూరగాయలు, పూలు అమ్మే ఆ చదును నేల మీద వాళ్ల ఇళ్లుండేవి. ఆ పేటని పడగొట్టి సంతకి స్థలం చేసుకోవడానికి 1349 నవంబరులో ఊరి పెద్దలకి అనుమతి ఇచ్చింది ఈ నాలుగో కార్లే. డిసెంబరు 5న కనీసం 562 మంది యూదులను చంపేశారు. చర్చి లోపల నేల మీద దావీదు నక్షత్రం గుర్తు ఉంది. గడియారం చూసినవాళ్లు అలాగే లోపలికి వెళ్లి ఆ గుర్తు కూడా వెతికి చూడాలి. రెండూ చూస్తేనే ఆ కూడలి చూసినట్టు.

అక్కణ్నుంచి ట్రామ్‌లో డుట్సెండ్‌టైష్ చెరువు వైపు వెళ్లండి. 1933 నుంచి 1938 దాకా నాజీ పార్టీ ఏటా మహాసభలు జరిపింది అక్కడే. రోమ్ కొలోసియం నమూనాలో 50 వేలమంది పట్టేలా మొదలుపెట్టిన కాంగ్రెస్ హాల్ యుద్ధం రావడంతో ఆగిపోయి, ఇప్పటికీ పైకప్పు లేకుండానే ఉంది. గాజు, ఉక్కుతో కట్టిన నడవా ఒకటి దాని రాతిగోడలను ఏటవాలుగా చీల్చుకుంటూ పోతుంది. 2001లో తెరిచిన డాక్యుమెంటేషన్ సెంటర్ అది. ఆర్కిటెక్చర్ చదివేవాళ్లు అది చూడటానికే న్యూరెంబర్గ్ రావొచ్చు.

చెరువు గట్టు వెంట నడిస్తే జెప్పెలిన్ మైదానం వస్తుంది. హిట్లర్ నిలబడి ప్రసంగించిన అరుగు అలాగే ఉంది. మెట్ల సందుల్లో గడ్డి మొలిచింది, రాళ్ల అంచులు రాలిపోతున్నాయి, కొన్నిచోట్ల ఎక్కకుండా కంచె కట్టారు. మేం వెళ్లినరోజు ఒకాయన ఆ గోడకేసి టెన్నిస్ బంతి కొట్టుకుంటున్నాడు, ఒకావిడ పిల్లాడికి స్కేటింగ్ నేర్పుతోంది. పైనున్న స్వస్తికను 1945 ఏప్రిల్‌లోనే అమెరికా సైన్యం పేల్చేసింది. మిగిలినదాన్ని ఏం చేయాలి? బాగుచేసి మెరిపిస్తే నాజీల గొప్పని మళ్లీ నిలబెట్టినట్టవుతుంది. కూలిపోనిస్తే సాక్ష్యం పోతుంది. ఊరివాళ్లు ఎన్నో ఏళ్లు తర్జనభర్జన పడి, కొత్త మెరుగులేవీ దిద్దకుండా, మనుషులు ప్రమాదం లేకుండా తిరిగేంత మేరకే నిలబెట్టాలని తేల్చారు. దానికయ్యే ఖర్చు సుమారు 8.5 కోట్ల యూరోలు. ఆ డబ్బుతో ఎన్ని హాస్టళ్లు కట్టొచ్చో అని నాతో వచ్చిన మిత్రుడు దారంతా వాదించాడు. హాస్టల్ రూమ్ కోసం నెలల తరబడి తిరిగినవాడు కాబట్టి అతని కోపం నాకు అర్థమైంది. అయినా పెట్టాల్సిందే అంటాను. పైన ఒక్కడు నిలబడితే కింద లక్షమంది గీత గీసినట్టు నిలబడేలా ఆ నేలని ఎంత లెక్కగా కట్టారో, ఆ మెట్ల మీద నుంచి ఖాళీ మైదానం చూస్తే తెలుస్తుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు అది తెలియలేదు.

పడమటి వైపు, యూ1 మెట్రోలో బేరెన్‌షాన్ట్సె స్టేషన్‌లో దిగితే కోర్టు. అందులో 600వ నంబరు గది. 1945 నవంబరు 20న మొదలైన యుద్ధ నేరాల విచారణలో నాజీ నాయకులు 21 మంది ఈ గది బోనులోనే కూర్చున్నారు. మనం ఊహించుకున్నంత పెద్ద గది కాదు. గోడలకి నల్లటి చెక్క, తలుపు మీద ఆదాము, హవ్వల కంచు శిల్పం. 2020 దాకా ఇక్కడ మామూలు కేసులు కూడా నడిచాయి. పై అంతస్తు ఎగ్జిబిషన్‌లో ఆ విచారణ ఎలా జరిగిందో వివరంగా ఉంది. ఒకరు మాట్లాడుతుంటే అప్పటికప్పుడే ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్ భాషల్లో హెడ్‌ఫోన్లలో వినిపించేవారు. మాట్లాడేవాళ్లు తొందరపడితే పసుపు లైటు వెలిగేది, ఎర్ర లైటు వెలిగితే ఆపేయాలి. తీర్పు వచ్చింది 1946 అక్టోబరు 1న. పరారీలో ఉన్నాడనుకున్న హిట్లర్ కార్యదర్శి బోర్మన్‌తో కలిపి 12 మందికి మరణశిక్ష, ఏడుగురికి జైలు. ముగ్గురిని వదిలేశారు. ఆ ముగ్గురి పేర్ల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కోట్లమంది చచ్చిపోయిన యుద్ధం ముగిసిన ఏడాదికే, గెలిచినవాళ్లు ఓడినవాళ్లలో కొందరిని సాక్ష్యం చాలదని ఇంటికి పంపగలిగారు.

ఇదంతా మనకెందుకురా అని ఇంటి దగ్గర్నుంచి ఫోన్లో అడుగుతారు. చదువుకోమని అప్పుచేసి పంపితే ఊళ్లు తిరగడమేంటి అంటారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. వీసా కోసం, నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించడానికి ఎవరింట్లో ఏం తాకట్టు పెట్టారో మనకు తెలుసు. కానీ ఈ దేశంలో మనం విదేశీయులం. ఒక మనిషి పౌరుడు అవునో కాదో తాతముత్తాతలను బట్టి తేల్చిన చట్టాలను 1935లో ప్రకటించింది ఈ ఊళ్లోనే. పోనీ అది పాత కథ అనుకుందాం. టర్కీ నుంచి వచ్చి పూల వ్యాపారం చేసుకుంటున్న ఎన్వర్ షిమ్షెక్‌ను 2000 సెప్టెంబరులో ఇదే ఊళ్లో, రోడ్డు పక్కన పూలు అమ్ముకుంటున్న చోటే నియో నాజీలు కాల్చి చంపారు. 2011లో అసలు సంగతి బయటపడేదాకా పోలీసులు అనుమానించింది ఆయన సొంత కుటుంబాన్ని. ఇప్పుడు అక్కడొక కూడలికి ఆయన పేరు పెట్టారు. రెసిడెన్స్ పర్మిట్ కోసం తెల్లారగట్ల వెళ్లి క్యూలో నిలబడే మనవాళ్లందరికీ డ్యూరర్ పేరుతో పాటు ఈ పేరు కూడా తెలియాలి.

మన తెలుగు సంఘం పెద్దలకి నా విన్నపం ఇదే. వచ్చే సెలవుల్లో బస్సు వేసినప్పుడు న్యూరెంబర్గ్‌తో పాటు ఇంకో రెండు ఊళ్లు కలపకండి. కోర్టు గది తెరిచి ఉండే రోజు ముందే కనుక్కుని తేదీ పెట్టండి. ఊరి పేరున్న వేలెడంత సాసేజ్‌లు రొట్టెలో మూడేసి పెట్టి అమ్ముతారు, అది పంది మాంసమని ముందే చెప్పాలి. తిననివాళ్లకి పులిహోర, పెరుగన్నం మనమే తీసుకెళ్దాం. మన దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను కూడా రమ్మనండి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కోట ఎక్కక్కర్లేదు, ట్రామ్‌లో నేరుగా చెరువు దగ్గరికి వచ్చేయొచ్చు. కోర్టులో ఆడియో గైడ్ ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. తెలుగులో చెప్పడానికి నేను వస్తాను.