బొకే వచ్చింది, పూలేవీ?

రెండేళ్ల కిందట మే నెలలో మా అమ్మానాన్నల పెళ్లిరోజుకు హైదరాబాద్ నుంచి నెల్లూరు జిల్లా కావలికి పూలు పంపాను. పంపడమంటే ఏముంది, ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ తెరిచి, కావలి పిన్ కోడ్ 524201 కొట్టి, ఇరవై ఎర్ర గులాబీలున్న బుట్ట ఫొటో మీద వేలు పెట్టి డబ్బు కట్టాను. ఉదయం తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య అందిస్తామని రాసుంది. రాత్రి ఎనిమిదిన్నరకు డెలివరీ కుర్రాడు ఫోన్ చేశాడు, అదీ మా అమ్మకే. "మీకు బొకే వచ్చిందమ్మా, ఇల్లు యాడ?" అని. చెప్పకుండా పంపి ఆశ్చర్యపరుద్దామన్న ముచ్చట అక్కడితో సరి.

బుట్టలో గులాబీలు పన్నెండున్నాయి, అంచులు నల్లబడి. మిగతా జాగా అంతా రెండు జెర్బెరాలు, గుప్పెడు తెల్ల జిప్సో పూలు, బోలెడంత ఆకు. అమ్మ వీడియో కాల్‌లో బుట్టను అటూ ఇటూ తిప్పి, "బాగుండాయి నాయనా. కానీ ఇవి తల్లో పెట్టుకునేవి కావు. దేవుడికి పెడదామంటే కాడల నిండా టేపు చుట్టుండారు. ఏం చెయ్యమంటావు?" అంది. నేను నోరు తెరిచేలోపే తనే తేల్చేసుకుంది. గులాబీలు తుంచి పటానికొకటి పెట్టింది. రిబ్బను పక్కింటి పాపకిచ్చింది. మెరుపు కాగితాన్ని నాలుగు మడతలు వేసి బీరువాలో చీరల కింద దాచింది. అడుగున మిగిలిన పచ్చ స్పాంజిని వేలితో నొక్కి చూసి, గిన్నెలు తోముకునే పీచా అని అడిగింది. అది పూల కాడలకు తడి అందించే నురగ దిమ్మె. 1954లో అమెరికాలో తయారైంది, మట్టిలో వేస్తే ఓ పట్టాన కలవదు. మా ఇంట్లో అది నెల రోజులు పెరటి గోడ మీద ఉండి, ఎండకు పొడి పొడి అయింది.

వెబ్‌సైట్ వాళ్లకు ఫోన్ చేస్తే, పూలు దొరకనప్పుడు "ప్రత్యామ్నాయ పూలు" పెట్టొచ్చని షరతుల్లో ఉందన్నారు. ఉంది. నేనే చదవలేదు.

చిన్న ఊళ్లలో పూల డెలివరీ సరిగా నడవదనేవాళ్లు ఆర్డర్లు చాలవనో, కుర్రాళ్లు సమయానికి రారనో అంటారు. నాకైతే చిక్కు మరోచోట కనిపిస్తోంది. కావలి ట్రంకు రోడ్డు మీద ఏ సాయంత్రం నడిచినా పూల బండ్లుంటాయి. బిర్యానీ పొట్లాన్ని అరగంటలో ఇంటికి చేర్చే కుర్రాళ్లూ ఉన్నారు. ఇన్ని ఉన్న ఊరికి మనం ఆ ఊరివి కాని పూలను, ఆ ఊరి మొహం చూడని మనుషుల చేత పంపిస్తున్నాం.

అసలు దూరం నుంచి పూలు పంపడమనే వ్యాపారం పుట్టిందే, పూలు దూరం ప్రయాణించలేవన్న సంగతి మీద. 1910లో అమెరికాలో కొందరు పూల దుకాణదారులు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక ఊళ్లో కట్టిన ఆర్డరును టెలిగ్రాం కొట్టి రెండో ఊరి దుకాణానికి చెబితే, ఆ ఊళ్లో దొరికే పూలతో అక్కడే కట్టి ఇచ్చేవాళ్లు. ప్రయాణం చేసేది కబురే, పువ్వు కదలదు. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది కానీ ఈ పద్ధతి ఆగలేదు. వెబ్‌సైట్ ఎక్కడో పెద్ద నగరంలో ఉంటుంది, నా ఆర్డరు కావలిలో ఒక బొకే షాపుకు వాట్సాప్‌లో పోతుంది. తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ పాత ఏర్పాటులో రెండో ఊరి పువ్వుకు చోటుండేది. ఇప్పుడు ఫొటో ముందే తయారై ఉంటుంది. ఢిల్లీకి చూపించిన గులాబీల బుట్టే కావలికీ, కందుకూరుకూ, మార్కాపురానికీ చూపిస్తారు. ఊరి షాపువాడు ఆ ఫొటోకు దగ్గరగా ఏదో ఒకటి చేసి ఇవ్వాలి.

దేనితో చేస్తాడు? డచ్ గులాబీలు బెంగళూరు, హోసూరు వైపు నుంచి రావాలి. కోసిన గులాబీ రెండు నుంచి నాలుగు డిగ్రీల చలిలో ఉంటే వాడకుండా నిలుస్తుంది. మా వైపు మే నెలలో ఎండ నలభై దాటుతుంది, పైన వడగాడ్పు. రాత్రి బస్సులో అట్టపెట్టెలో వచ్చిన పువ్వును తెల్లారి షాపులో బకెట్ నీళ్లలో పెడితే, మధ్యాహ్నం కరెంటు పోయిన గంటకే తల వాలుస్తుంది. అందుకే కుర్రాడు చల్లబడ్డాక రాత్రి బయల్దేరాడేమో, పాపం. ఆ తర్వాత ఊరెళ్లినప్పుడు ఒక బొకే షాపులో మాట కలిపాను. ఆ బుట్టకు నేను కట్టిన సొమ్మెంతో చెబితే ఆ మనిషి నవ్వాడు, లెక్క మాత్రం చెప్పలేదు. పెళ్లి కారు అలంకారం, రిసెప్షన్ స్టేజీ, ఆఫీసర్లకు జనవరి ఒకటో తేదీ బొకేలు, ఫంక్షన్‌కు వచ్చే నాయకుల సన్మానాలు, ఇవే ఆయనకు తిండి పెడుతున్నాయి. ప్రధాని రాష్ట్రాలకు వచ్చినప్పుడు బొకేలు వద్దు, మహా అయితే ఒక పువ్వుతో పాటు ఖాదీ చేతిరుమాలో పుస్తకమో ఇవ్వండని 2017లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది. మా వైపు వేదికల మీద దాని జాడ నాకు కనపడలేదు. వెబ్‌సైట్ ఆర్డర్లంటే ఆ షాపాయనకు ఏదో ఒకటీ అరా. వచ్చిన డబ్బుకు సరిపడా గులాబీలు తగ్గించి, ఆకు పెంచి పంపేస్తాడు. ఆయన మోసం చేశాడని నేననుకోను. ఫొటో ఒకరిది, గులాబీ ఒకరిది, నా డబ్బు ఇంకొకరి చేతిలో ఉంటే జరిగేది ఇదే.

ఇక మనది కాని పువ్వు సంగతి. మా అమ్మ తరం ఆడవాళ్లకు పువ్వంటే మూరల్లో కొలిచేది. మోచేతి నుంచి నడివేలి కొస దాకా మూర, నాలుగు మూరలు బార. పొట్టి చేతుల ఆమె దగ్గర మూర కొనకూడదని మా నాయనమ్మ ఘంటాపథంగా చెప్పేది. పొడుగు చేతుల ఆమె ఎడమెడంగా కడుతుందని మా అమ్మ వాదం. మొగ్గకు మొగ్గ తగిలేట్టు ఒత్తుగా కట్టిన మూరకూ, దారం కనపడేట్టు కట్టిన మూరకూ పూలు సగానికి సగం తేడా వస్తాయి. ఇదంతా కళ్లతో చూసి, చేత్తో తూచి, బేరమాడి కొనే వస్తువు. దీన్ని వెబ్‌సైట్‌లో ఎలా పెడతారు? 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం చూస్తే మూర అసలు కొలతే కాదు, మీటర్లలోనో సెంటీమీటర్లలోనో చెప్పాలి. "మల్లెలు, 45 సెంటీమీటర్లు" అని రాసి ఉంటే మా ఇంట్లో ఎవరూ కొనరు. ధరైనా ఒకచోట నిలవదు. ముహూర్తాలుంటే ఒకటి, మూఢంలో ఒకటి, వరలక్ష్మీ వ్రతం ముందురోజు ఇంకొకటి. పొద్దునకూ సాయంత్రానికీ మారే ధరను ఏడాది పొడవునా ఒకే రేటు రాసిపెట్టే పేజీ మోయలేదు. గులాబీల బుట్ట మోస్తుంది. అందుకే దాన్ని అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

మల్లెకు గడియారం కూడా వేరే. తెల్లవారుజామున మొగ్గలు కోస్తారు, పగలు కడతారు, దీపాలు పెట్టే వేళకు అవి విచ్చుకుంటాయి. మర్నాటికి ఎర్రబడతాయి. "ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు" అనేది కేకులకు పెట్టిన వేళ. మల్లెలకు సాయంత్రం నాలుగు నుంచి ఆరు. చలికాలం మల్లెలు లేనప్పుడు కాగడాలు, కనకాంబరాలు, చామంతులు. ఇందులో బెంగళూరు బస్సు కోసం ఎదురుచూడాల్సిన అవసరం పెద్దగా లేదు.

పైగా ఇంటికి పూలు తెచ్చివ్వడం మన ఊళ్లకు కొత్తా? పాలు వాడికగా పోయించుకున్నట్టే పూలూ వాడికగా వేయించుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రోజూ దేవుడికి విడిపూలు, శుక్రవారం ఇంత దండ, నెలాఖరుకు లెక్క. గేటుకు తగిలించిన సంచిలో పూల పొట్లం వేసి వెళ్లిపోయే ఆమెకు ఏ ఇంట్లో ఎవరికి ఏ పువ్వు పడదో తెలుసు, ఎవరింట్లో మైల వచ్చిందో తెలుసు, తాళం వేసుంటే పక్కింట్లో ఇవ్వాలని తెలుసు. 1972 నుంచి మనకు పిన్ కోడ్ ఉంది. 2025లో తపాలా శాఖ నాలుగు మీటర్ల గడికి ఒక కోడ్ చొప్పున డిజిపిన్ తెచ్చింది. కానీ "గుడి పక్క సందులో, వేపచెట్టు కొట్టేసిన ఇల్లు" అనే చిరునామా పట్టుకుని నేరుగా గడప దగ్గరికి వెళ్లగలిగేది ఈమే. కొట్టేసిన చెట్టు ఏ మ్యాపులో ఉంటుంది చెప్పండి.

ఊళ్లో ఫోన్ మీద నడిచే పూల డెలివరీ ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చావు దండలు. ఎక్కడో అమెరికాలో ఉన్న మనిషి, సమయానికి రాలేక, ఊళ్లో స్నేహితుడికి ఫోన్ చేసి "నా పేరున ఒక గులాబీ దండ వెయ్యి" అంటాడు. స్నేహితుడు పూల అంగడికి ఫోన్ చేస్తాడు. గంటలో దండ వస్తుంది. పూలు తగ్గవు, వేళ తప్పదు, ప్రత్యామ్నాయం మాట రాదు. డబ్బు తర్వాత ఎప్పుడో ఇస్తారు. అంగడివాడు ఆ ఇంటికి పోయేది ఎరుకతో. రేపు తనూ అదే వీధిలో తిరగాలి. నేను డబ్బు కట్టిన వెబ్‌సైట్‌కు మా వీధిలో తిరగాల్సిన పని లేదు.

ఇంత చెప్పాక బొకేను పూర్తిగా తీసిపారేద్దామనుకుంటే మా పిన్ని అడ్డమొస్తుంది. బాబాయి పోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచి ఆమెకు పేరంటాల్లో పూలు ఇవ్వరు, తాంబూలంలో నుంచి పువ్వు తీసి పక్కన పెట్టి మరీ ఇస్తారు. పోయినేడాది ఆమె రిటైరైతే తోటి టీచర్లు బొకే ఇచ్చారు. దాన్ని టీవీ పక్కన చెంబులో పెట్టి, రోజూ నీళ్లు మార్చి, వారం దాటాక కూడా పారేయనివ్వలేదు. మూర మల్లెలు ఇచ్చే ముందు మన వాళ్లు నుదురు చూస్తారు. గులాబీల బొకే ఎవరికిస్తే వాళ్లదే, మగవాడికైనా, పిన్నికైనా. ఈ ఒక్క విషయంలో నేను వెబ్‌సైట్ల పక్షమే. మల్లెల్ని పిన్నికి పంపే ధైర్యం మనకుంటే ఆ బొకే అవసరం ఉండేది కాదనుకోండి. నేనింతవరకు పంపలేదు.

చట్టం వైపు ఒక మాట. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇతరుల సరుకు అమ్మిపెట్టే వేదికైతే ఆ అమ్మకందారు పేరు, చిరునామా కూడా చూపించాలి. నా ఆర్డరులో కావలి షాపు పేరు ఎక్కడా లేదు, అంతా తమ సరుకే అన్నట్టుంది. ఆ పేరు ముందే కనిపిస్తే మా వాళ్లు నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చేవాళ్లు, షాపాయనకూ పేరు పోతుందన్న భయం ఉండేది. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేసే దారి ఉంది. తక్కువొచ్చిన ఎనిమిది గులాబీల కోసం ఎంతమంది చేస్తారు? నేను చెయ్యలేదు.

కావలిలోనో కందుకూరులోనో ఎవరైనా కుర్రాళ్లు పూల డెలివరీ పెట్టాలనుకుంటే, పెద్ద వెబ్‌సైట్ల పేజీని కాపీ కొట్టొద్దని నా మనవి. ఆ రోజు ఏ పూలొచ్చాయో, మూర ఎంత పలుకుతోందో మధ్యాహ్నం వాట్సాప్‌లో పెట్టండి. కట్టిన దండ ఫొటో పంపాకే డబ్బు తీసుకోండి. కట్టినామె పేరు చీటీ మీద రాయండి. అరటి నారతో కట్టి ఆకులో చుట్టిస్తే రిబ్బను ఖర్చు కూడా మిగులుతుంది. ఇది లక్షల వ్యాపారం అవుతుందని చెప్పలేను. నాలాంటి బయట ఊళ్ల పిల్లలు ఊరికి వందల మంది ఉన్నారు, అందరికీ పూలంగడి నంబరు తెచ్చిపెట్టే తమ్ముడు ఉండడు.

నాకు ఉన్నాడు. మరుసటి ఏడాది పెళ్లిరోజుకు పిన్ని కొడుకే నంబరు పంపాడు. ఫోన్ చేసి నాలుగు మూరల మల్లెలు, ఒక మూర కనకాంబరాలు కావాలన్నాను. "ఇయ్యాల ముహూర్తాలుండాయి నాయనా, రేటెక్కువ" అంది ఆమె. ఎంతో చెప్పింది, ఫోన్‌పే కొట్టాను. రసీదు లేదు, షరతులు లేవు. ఆమె ఎగ్గొడితే నేను చేయగలిగిందీ లేదు. ఐదున్నరకు అమ్మ ఫొటో పెట్టింది, ముందు దేవుడి పటానికి ఒక మూర, తర్వాత తన జడ వెనక నుంచి నాన్న తీసినది, కొంచెం అదిరింది.

రాత్రి ఏడింటికి మళ్లీ ఆ నంబరు నుంచే ఫోన్. డబ్బు తక్కువ పడిందేమో అనుకుంటూ ఎత్తాను.

"అమ్మ కాడ ఇచ్చేసినా. కనకాంబరాలు కొంచెం చాల్లేదు, జానెడు మరువం కలిపినా, ఏమనుకోబాక. సరేగానీ నాయనా, శుక్రవారం శుక్రవారం వాడిక పెట్టుకుంటావా? మూరకు ఐదు తగ్గిస్తా."