అన్న చీపురు పట్టాడు

నాయకుడనేవాడు ఊరికే ఉపన్యాసాలివ్వకూడదు, ముందు తాను చేసి చూపించాలి. అందుకే మా వీధిలో స్వచ్ఛతా కార్యక్రమం అనగానే పొద్దున్నే వెళ్ళి మార్పు కోసం ఎదురుచూశాను. మార్పు పదకొండింటికి వచ్చింది, నాలుగు కార్లలో.

ఈలోగా ఒక చిక్కొచ్చింది. వీధి ఊడ్చే ఆమె తెల్లవారుజామునే రోడ్డంతా ఊడ్చేసి వెళ్ళింది. ఇప్పుడు నాయకుడు దేన్ని ఊడ్చి స్ఫూర్తినివ్వాలి? పారిశుద్ధ్య మేస్త్రీకి టెన్షన్ మొదలైంది. ఎక్కడినుంచో రెండు బస్తాల బాదం ఆకులు తెప్పించి నడిరోడ్డు మీద పోయించాడు. మా వీధిలో ఉన్నవన్నీ వేపచెట్లే. సరే, స్ఫూర్తికి చెట్టుతో ఏం పని?

అన్న దిగాడు. చేతులకు తెల్ల గ్లౌజులు, పిడికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పని కొత్త చీపురు. ఆ ఒక్క చీపురునే ఆరేడుగురు పట్టుకున్నారు. "మాస్కు దించన్నా, ఫేస్ రావట్లేదు" అన్నాడు ఫొటోగ్రాఫర్. ఆకులు కుడి నుంచి ఎడమకు వెళ్ళాయి. వీడియో సరిగా రాలేదనడంతో మళ్ళీ ఎడమ నుంచి కుడికి వచ్చాయి. మేస్త్రీ మళ్ళీ పిలిపించిన ఆమె మాత్రం ఫొటోకి అడ్డమట, కాలువ గట్టు మీదికి జరగమన్నారు. పూడిక తీయక ఆ కాలువ పొంగుతోంది. కెమెరా అటు లేదు కాబట్టి అన్న కూడా అటు చూడలేదు. చివర్లో ఆమె ఆ కొత్త చీపురైనా ఇచ్చి పొమ్మంది. "ఇంకా రెండు వార్డులున్నాయమ్మా" అంటూ డిక్కీలో పడేశారు. ఆకులు మాత్రం ఆమెకే వదిలేశారు.

ఇది మా ఊరి సొత్తేం కాదు. 2014 నవంబరులో ఢిల్లీలో నాయకులు ఊడవడానికని ముందే ఆకులు పోయించిన సంగతి ఫొటోలతో సహా పత్రికల్లో వచ్చింది. 1901 కలకత్తా కాంగ్రెస్ మహాసభలో మరుగుదొడ్ల కంపు భరించలేక గాంధీ తానే చీపురు పట్టాడు. అప్పటికాయన పెద్ద నాయకుడేం కాదు. పాపం, వెంట ఫొటోగ్రాఫర్ కూడా లేడు.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గోతిలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఇంకా దించుతూనే ఉన్నాం, చచ్చిపోతూనే ఉన్నారు. చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేయాల్సి వచ్చింది. గోతిలోకి దిగేవాడికి లేని గ్లౌజులు ఎండుటాకులు ఊడ్చేవాడికెందుకయ్యా? సిగ్గనిపించదా? నెలనెలా జీతం కోసం ఆ ఊడ్చే ఆమే ధర్నాకు కూర్చోవాలా?

అంత చొరవే ఉంటే ఆ జీతాల ఫైలు మీద చూపించండి. సంతకానికి గ్లౌజులు అక్కర్లేదు. ఫొటో కావాలంటే నా సెల్లుతో నేనే తీసిపెడతాను.