ఏడు కిలోల ప్రయాణం

(తిరుపతి, బైరాగిపట్టెడ. రాత్రి తొమ్మిదిన్నర. పొద్దున్నే రేణిగుంటలో హైదరాబాద్ విమానం. హాలు మధ్యలో పెద్ద పెట్టె ఒకటి, చిన్న పెట్టె ఒకటి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మునిరత్నం రిటైరైనప్పటినుంచి హైదరాబాద్‌లో కూతురింటికీ బెంగళూరులో కొడుకింటికీ తిరగడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. అత్తగారిని చూసుకోవాల్సిన పని ఉంది కాబట్టి సులోచన ఇల్లు కదలదు. సర్దడం మాత్రం ఆమే సర్దుతుంది.)

సులోచన: ఏమయ్యా, మెడకు అదేంది, కాడి మాదిరి?

మునిరత్నం: నెక్ పిల్లో. మెమరీ ఫోమ్. శానా ప్రయాణాలు చేసేవోళ్లకి ఇది లేకుండా కుదరదంట.

సులోచన: గంటంబావులో దిగిపోతావు. అంతలోకే మెడ యాడికి పోతాది?

మునిరత్నం: అలవాటు కావాల కదమే. అందుకే సాయంత్రం నుంచి వేసుకునుండా.

సులోచన: అన్నం తినేటప్పుడన్నా తీయాల్సింది. పప్పు దానిమీద పడింది చూడు.

మునిరత్నం: గమ్మునుండు. నువ్వు సర్దిన పెట్టె తూకం వేస్తా ఉండా. (చేతి త్రాసు కొక్కెం పెట్టె పిడికి తగిలించి, పళ్లు బిగించి పైకెత్తాడు. బీప్‌మంది.) ఇరవైయొకటి పాయింట్ నాలుగు! మేయ్, పదిహేనే ఊరికే పోనిస్తారు. పైన ప్రతి కిలోకీ డబ్బులు కట్టాల.

సులోచన: ఎత్తేటప్పుడు నీ చెయ్యి వణికింది. అందుకే జాస్తి చూపించింది.

మునిరత్నం: చెయ్యి వణికితే ఆరు కిలోలు పెరుగుతాదా? నంబరు కదలకుండా నిలిచినాకే బీప్ అంటాది. అసలు ఇంట్లో పద్నాలుగున్నరకే ఆపుకోవాల. మన త్రాసూ వాళ్ల త్రాసూ ఒకటే చెప్పాలని యాడుంది?

సులోచన: దానికి ఆరొందలు పోసినావు. నీకు షుగరొచ్చినప్పుడు కొన్న బరువు చూసే మిషన్ మంచం కింద పడుంది. ఉత్తగా ఒకసారి, పెట్టె పట్టుకుని ఒకసారి ఎక్కి తీసివేస్తే తేలిపోయేది.

మునిరత్నం: ఆ మిషన్ నేనెక్కను. అది నామీద కక్ష కట్టింది. (పెట్టెలో చెయ్యి పెట్టి) అడుగున గుడ్డలో చుట్టిందేంది?

సులోచన: అదా... మెత్తటిదేలే. దిండు.

మునిరత్నం: (వేలితో కొట్టి) దిండు టంగుమంటాదా?

సులోచన: చిన్న రోలు. పిల్ల అల్లం దంచుకునేదానికి. మిక్సీలో వేస్తే రుచుండదని అదే అనింది.

మునిరత్నం: రాతిరోలు విమానంలో! నాలుగు కిలోలపైనే ఉండాది. తీయి.

సులోచన: అందుకే నారాయణాద్రిలో పొమ్మంటి. థర్డ్ ఏసీలో 40 కిలోలు ఊరికే. సెకండ్ ఏసీ అయితే 50. రోలూ పోయేది, పొత్రమూ పోయేది. బిడ్డ టికెట్టు తీసిందని ఎగేసుకుని ఒప్పుకుంటివి.

మునిరత్నం: రైలంటే సీటు కింద గొలుసు కట్టాల, తాళం వేయాల...

సులోచన: వేసి, తాళంచెవి పెట్టెలోనే పెట్టి మూసేయాల. రైలు దిగేదానికి పోర్టరు కటింగ్ ప్లేయర్ వెతకాల. ఆ కథంతా నాకు తెలుసు.

మునిరత్నం: అందుకే ఇప్పుడు నంబరు తాళం కొన్నా. నంబరు మాత్రం ఎవరికీ చెప్పకూడదు.

సులోచన: మన పెళ్లి రోజా?

మునిరత్నం: కాదు. రిటైరైన రోజు. జీవితంలో సంతోషమైన తేదీ పెట్టుకోమన్నారు.

(ఇక్కడ రెండు నిమిషాలు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. లోపలి గదిలోంచి అత్తగారు దగ్గారు. ఆమె ఎవరి పక్షమో ఈ ఇంట్లో ఇంతవరకూ తేలలేదు.)

మునిరత్నం: (గొంతు తగ్గించి) ఈ పొట్లం?

సులోచన: ఎండుకొబ్బెర. పక్కన కర్పూరం బిళ్లలు. ఆడ దొరికే కర్పూరం మసి పెడతాదంట.

మునిరత్నం: రెండూ పోనీరు. కర్పూరం అంటుకునే సరుకు. ఎండుకొబ్బెర కూడా అంతే. దాంట్లో నూనె జాస్తి, గుట్టగా కుక్కిపెడితే దానంతటదే వేడెక్కుతాది. పెద్ద పెట్టెలో పెడితే స్కానింగ్‌లో పట్టుకుని తెరిపిస్తారు.

సులోచన: కొబ్బెర చిప్ప కూడా బాంబేనా? మరి నీ పవర్ బ్యాంక్ యాడ పెట్టినావు?

మునిరత్నం: పెద్ద పెట్టెలోనే. బట్టల మధ్యలో, దెబ్బ తగలకుండా.

సులోచన: అది పెద్ద పెట్టెలో పెట్టనే కూడదు. కొడుకు పోయినసారే చెప్పినాడు. మంట లేస్తే మనిషి కళ్లెదురుగా ఉండాలని చేతిసంచిలోనే పట్టుకోమంటారు. కొబ్బెరకు నీతులు చెప్పేవోడివి, లిథియం బ్యాటరీని చొక్కాల్లో చుట్టి పెడ్తివి!

మునిరత్నం: (తీస్తూ) 20,000 ఎంఏహెచ్. ఇంటూ 3.7 వోల్టులు, బై వెయ్యి. 74 వాట్ అవర్లు. 100 లోపల ఉంటే అడగరు. నా లెక్కలు సరిగ్గానే ఉండాయి.

సులోచన: లెక్కలు సరే, చోటు తప్పు. ఈ తెల్ల డబ్బా?

మునిరత్నం: యూనివర్సల్ అడాప్టర్. కువైట్‌లో, దుబాయ్‌లో మూడు చదరపు పుల్లల ప్లగ్గు. లండన్‌లోనూ అదే. ఇదుంటే యాడైనా గుచ్చుకోవచ్చు.

సులోచన: పోయేది సికింద్రాబాద్. ఆడ గోడలకు మన గుండ్రటి బొక్కలే కదా?

మునిరత్నం: ముందుముందు పనికొస్తాది.

సులోచన: కువైట్‌కి టికెట్టు తీసినాక అడాప్టర్ కొను. ఈ రంగురంగుల సంచులేంది, ఆరుండాయి?

మునిరత్నం: ప్యాకింగ్ క్యూబులు. ఒకదాంట్లో చొక్కాలు, ఒకదాంట్లో ప్యాంట్లు. ఏది కావాలంటే అది మాత్రమే లాగొచ్చు, మిగతావి చెదరవు.

సులోచన: (బీరువా తెరిచి) ఇవేంది మరి? చీరల కొట్టువోళ్లిచ్చిన జిప్పు కవర్లు. లోపలేముందో తెరవకుండానే కనపడతాది. నీ బనీన్లు ఒకదాంట్లో, పంచెలు ఒకదాంట్లో పెట్టేసినా. నీ సంచుల్లో ఏముందో తెలియాలంటే ఆరూ తెరవాల. బట్టలు చుట్ట చుట్టినా, మడతలు పెట్టలా. ఇస్త్రీ చొక్కాలు మాత్రం పైన పరిచినా. ఈ మైక్రోఫైబర్ టవల్ కూడా వద్దు. దాంతో ఒళ్లు తుడుచుకుంటే నీళ్లు ఒక చోట్నుంచి ఇంకో చోటికి పోతాయంతే. మన పలచటి తువ్వాలు పెట్టినా, ఫ్యాను కింద గంటలో ఆరిపోతాది.

మునిరత్నం: ఈ ఊరగాయ సీసా కారితే నా చొక్కాలు ఎర్రబడతాయి.

సులోచన: నేను కట్టినది కారదు. చూడు. అంచుల నూనె పొడిగుడ్డతో తుడిచినా. మూతి మీద పాలిథిన్ కాయితం పరిచి, దానిమీద మూత బిగించినా. పైన కవరు, రబ్బరు బ్యాండు, పాత పంచె ముక్క. తలకిందులు చేసి పొద్దున్నుంచి న్యూస్‌పేపర్ మీద పెట్టినా. మరక పడిందేమో నువ్వే చూసుకో. అట్లా ఆరేడు గంటలు పెట్టి చూసినాకే ఊరగాయ ఊరు దాటాల.

(మునిరత్నం కాగితం ఎత్తి, లైటు కింద పట్టుకుని, వాసన కూడా చూశాడు. మరక లేదు. ఒప్పుకున్నట్టు మాత్రం మొహంలో కనిపించనీయలేదు.)

మునిరత్నం: రోలు పోయి 17.2. కొబ్బెర, కర్పూరం పోయి 16.1. ఇంకా కిలోపైన ఉండాది. చెనిక్కాయల పొడి తీయి.

సులోచన: పొడి మీద చెయ్యి పడితే చెయ్యి ఉండదు. నీ బూట్లు తీయి. బరువైన బూట్లు కాళ్లకు వేసుకుని పోవాల, చెప్పులు పెట్టెలో పెట్టుకోవాల. బూట్లలోపల ఖాళీ పెట్టినావు మళ్లా, సాక్సులన్నా కుక్కలేదు.

మునిరత్నం: ఎండాకాలంలో బూట్లా? సరే. 15.0. పవర్ బ్యాంకు, అడాప్టరు తీస్తే... 14.5! చూసినావా, నా త్రాసు లేకుంటే ఏమయ్యేది?

సులోచన: నీ సామాన్లు లేకుంటే ఏమయ్యేదో అది చెప్పు. ఇప్పుడు చిన్న పెట్టె తూచు.

మునిరత్నం: దానికేం, ఏడు కిలోలు ఒప్పుకుంటారు. మెడ దిండు, పవర్ బ్యాంకు, అడాప్టరు, క్యూబులు...

సులోచన: నీ షుగర్ మాత్రలు?

మునిరత్నం: పెద్ద పెట్టెలో పెట్టినావు కదా.

సులోచన: నేను పెట్టలా, నువ్వే పెట్టుంటావు. పెద్ద పెట్టె వేరే ఊరికి పోతే రెండురోజులు ఏం మింగుతావు? మాత్రలు, ఒక జత బట్టలు, కళ్లజోడు చేతిలోనే ఉండాల. ఇంకా అసలు సరుకు పెట్టనేలేదు. (వంటింట్లోంచి గంపెడు లడ్లు తెచ్చింది.) ఇరవై.

మునిరత్నం: ఇరవై లడ్లా!

సులోచన: తిరుపతి నుంచి పోయినోడివి లడ్డు లేకుండా గేటు దాటతావా? ఆ అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ దగ్గర్నుంచి సెక్రటరీ దాకా నిన్ను చూస్తే నీ చేతులే చూస్తారు. పెద్ద పెట్టెలో వేస్తే నలిగి బూందీ అయిపోతాయి. చేతిలోనే పోవాల.

మునిరత్నం: ఒక్కోటి 175 గ్రాములనుకున్నా... ఇరవైకి మూడున్నర కిలోలు. సగం మిగుల్తాది కదా.

సులోచన: ఖాళీ పెట్టె తూచు.

(బీప్.)

మునిరత్నం: మూడున్నర.

సులోచన: మూడున్నర పెట్టె, మూడున్నర లడ్డు. ఏడు. నీ దిండు, నీ అడాప్టరు, నీ క్యూబులు ఎవరి నెత్తిన పెడతావు? చక్రాలు నాలుగు పక్కలా తిరుగుతాయని, గట్టి పెట్టె అని ఎచ్చులకు కొన్నావు. మోసే బరువులో సగం అదే తినేసింది.

మునిరత్నం: లడ్లు పది తగ్గిస్తే...

సులోచన: సరే, ఏ పదిమందికి లేవో పేర్లు రాసియ్యి. బిడ్డకు ఫోన్ చేసి చెప్తా.

(పెన్ను తీశాడు. మూత పెట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.)

మునిరత్నం: ఏం చేయమంటావు మరి?

సులోచన: గుడ్డసంచి. పావుకిలో కూడా ఉండదు. లడ్లు, మాత్రలు, బట్టలు, నీ బ్యాటరీ అన్నీ పడతాయి. ఆ మెడ దిండు కూడా పెట్టుకో, పాపం. ఇదో, జిప్పున్నదే ఉండాది.

మునిరత్నం: పసుపు సంచి! తాంబూలం సంచి పట్టుకుని విమానమెక్కాలా నేను? సూపరింటెండెంటుగా రిటైరైనోడిని!

సులోచన: నీ సంచి తమదనుకుని పక్కవోళ్లు ఎవురూ ఎత్తుకుపోరు. రంగు చూస్తేనే తెలిసిపోతాది.

మునిరత్నం: (సంచి తిప్పి చూస్తూ) ఎవురి పెళ్లిదిది? అక్షరాలు చెరిగిపోయినాయి.

సులోచన: మీ తమ్ముడి కొడుకుది. రెండో పంక్తిలో కూర్చోబెట్టినారని అలిగి, బోంచెయ్యకుండా వచ్చేసినావే, ఆ పెళ్లి.

మునిరత్నం: అయితే ఇది వద్దు. ఇంకో సంచి తీ.