ప్రోబయోటిక్ గుళిక గారికి ఒక గర్భిణి విన్నపం

మహారాజశ్రీ గుళిక గారి సముఖమునకు,

నరసన్నపేట నుంచి ఏడో నెల గర్భిణి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కడుపులో 1,000 కోట్ల ప్రాణులని డబ్బా మీద రాసి ఉంది. నా కడుపులో ఒక్కటే. అందుకే కాబోలు, ఈ ఇంట్లో మర్యాదలన్నీ మీకే జరుగుతున్నాయి.

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర మందుల దుకాణంలో మా అమ్మ నా మలబద్ధకం గురించి చెప్పగానే, ‘మంచి బ్యాక్టీరియా అమ్మా, హాని ఏముంటుంది’ అంటూ మిమ్మల్ని చేతిలో పెట్టారు. చల్లని చోట ఉంచమని మీ డబ్బా హెచ్చరిస్తోంది. మీరేమో నడివేసవిలో, పడమటి ఎండ కొట్టే అద్దాల బీరువాలో, కరెంటు పోయి ఫ్యాను ఆగిన గదిలో కూర్చుని ఉన్నారట. ఆ కోట్లలో ఎందరు బతికి మా ఇల్లు చేరారో జనాభా లెక్కలు తీసినవారు లేరు. అయినా అమ్మ మజ్జిగ గిన్నెను బయటికి తీసి మరీ ఫ్రిజ్‌లో మీకు చోటిచ్చింది.

వచ్చినప్పటి నుంచి మీ ఘనత వింటూనే ఉన్నాను. షుగరు రానివ్వరట, బీపీ పెరగనివ్వరట. గర్భంలో వచ్చే మధుమేహాన్ని మీరు ఆపగలరా అని 2021లో కాక్రేన్ అనే, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే సంస్థ సమీక్షకులు 7 పరీక్షల్లోని 1,647 మంది గర్భిణుల లెక్కలు కలిపి చూశారు. ఆపుతారని తేలలేదు. పైపెచ్చు, గుర్రపువాతానికి ముందుమెట్టయిన ప్రీ ఎక్లాంప్సియా, అంటే బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు, ఉత్తుత్తి గుళిక మింగినవారిలో కన్నా మిమ్మల్ని మింగినవారిలోనే ఎక్కువగా కనిపించింది. ఈ సంగతి చెబితే పక్కింటి పిన్ని గారు నన్ను జాలిగా చూశారు. చదువుకున్న పిల్ల కదా, అనుమానాలు ఎక్కువ అనుకున్నారేమో.

లేనిపోని నిందలు నాకూ ఇష్టం లేదు. మీ వల్ల గర్భస్రావాలు, బిడ్డకు అవకరాలు పెరిగినట్టు ఇంతవరకు జరిగిన పరీక్షల్లో కనిపించలేదు. ఎలర్జీలున్న కుటుంబాల్లో పసిపిల్లల ఎగ్జిమాను మీ వారిలో కొందరు తగ్గించారు కూడా. చిక్కల్లా ఏమిటంటే, మీలో ఒక్కో స్ట్రెయిన్‌ది, అంటే ఒకే జాతిలోని ఒక్కో రకానిది, ఒక్కో గుణం. మీ వంశంలో ఒకరు పాసైతే చాలు, ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఇంటిల్లిపాదీ ఊరేగుతారు! ప్రజాతి, జాతి, స్ట్రెయిన్ మూడూ లేబుల్ మీద ఉండాలని కేంద్ర వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) 2011లోనే మార్గదర్శకాలిచ్చాయి. మీ డబ్బాను కళ్లద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాను. ఇంటిపేరు ఉంది, మనిషి పేరు లేదు.

ఇదే ఇంట్లో ఏఎన్ఎం ఇచ్చిన ఎర్ర మాత్ర కూడా ఉంది. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. 180 రోజులు వేసుకోవాలి. ఉచితంగా వచ్చింది కనుక దానికి మర్యాద లేదు. అది మరిచిపోతే అడిగే దిక్కు లేదు. మిమ్మల్ని మరిచిపోతే మాత్రం అమ్మ నిద్ర లేపి మింగిస్తుంది. పెరుగన్నం ఉండగా ఈ గుళిక దేనికని మా అత్తగారు అంటారు. ఆ పెరుగులో ఏ జాతి ఎంత ఉందో ఆవిడకూ తెలియదు. కానీ పెరుగుతో కడుపు నిండుతుంది, కాల్షియం వస్తుంది, అది ఎవరికీ ఏ వాగ్దానమూ చేయలేదు.

వచ్చే 9వ తేదీన ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పరీక్షలు. మిమ్మల్నీ సంచిలో వేసుకుని వస్తాను. డాక్టరమ్మ నా బీపీ చూసి, మీ లేబుల్ చదివి, కావాలంటే ఉంటారు. వద్దంటే ఫ్రిజ్ ఖాళీ చేయగలరు.

ఇట్లు,
మీ గృహస్థురాలు

తా.క.: మలబద్ధకం తగ్గింది. మీరు వచ్చిన వారమే తోటకూర, జామపండ్లు, పొద్దున్నే రెండు చెంబుల నీళ్లు, సాయంత్రం నడక కూడా మొదలయ్యాయి. పేరు మాత్రం అమ్మ మీకే కట్టబెట్టింది.