తుంగ పోదు, వయ్యారిభామ ఆగదు

విజయనగరంలో తొలకరి పడితే ఊరంతా సంతోషిస్తుంది గానీ, పెరట్లో నాలుగు కూర మొక్కలు పెంచుకునేవారికి ఆ రోజు నుంచే తుంగతో పోరు మొదలవుతుంది. బెండ గింజ మొలకెత్తకముందే అది మడినంతా ఆక్రమిస్తుంది. కొడవలితో కోస్తే కొద్ది రోజుల్లోనే మళ్లీ తలెత్తుతుంది. పట్టి పీకితే ఆకు చేతికి వస్తుంది తప్ప, దాని ప్రాణమంతా దాగి ఉన్న నల్లని దుంప మట్టిలోనే మిగిలిపోతుంది. ఆ దుంపలు భూమిలో ఒకదానితో ఒకటి గొలుసులా అల్లుకుని ఉంటాయి కనుక, గునపంతో లోతుగా తవ్వి, మట్టిని విదిలించి, దొరికిన ప్రతి దుంపనూ ఏరి ఎండలో మాడ్చవలసిందే. ఉప్పు చల్లమని సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఉప్పు నేలను చెడగొట్టి పక్కనున్న ఆనప పాదును కూడా చంపుతుంది.

ఇంతకంటె బాధ కలిగించేది ప్రహరీ అవతలి ఖాళీ స్థలం. 1950వ దశకంలో పుణె ప్రాంతంలో గుర్తించిన వయ్యారిభామ ఇప్పుడు అక్కడ నడుమెత్తు పెరిగి తెల్లగా పూసింది. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దాన్ని తాకితే కొందరికి దద్దుర్లు వస్తాయి, పుప్పొడి పీల్చితే ఉబ్బసం ఎక్కువవుతుంది. పూతకు ముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకించమని ఆ స్థలం యజమానిని ఎన్నిసార్లు వేడుకున్నా, “ఇల్లు కట్టేటప్పుడు చూద్దాం లెండి” అనే జవాబే వస్తుంది. ఈలోగా ఆ విత్తనాలు గాలికీ వాన నీటికీ కొట్టుకొచ్చి మా కనకాంబరాల మడిలో మొలుస్తున్నాయి.